రాగి ఉందన్నారు... రెండు వందల ఏళ్లు దాటింది!

మైపాడు బీచికి పిల్లల్ని తీసుకెళ్లిన తల్లులంతా ఒక్కసారైనా ఈ మాట వినే ఉంటారు. "అమ్మా, ఇసకలో బంగారం!" అంటూ తడి గుప్పిట తెరిచి చూపిస్తారు. నిజంగానే మెరుస్తుంటుంది. అది అభ్రకం. మన పెద్దవాళ్లు దానికి ఎంత చక్కని పేరు పెట్టారో చూడండి... కాకిబంగారం! పెన్నమ్మ పడమటి కొండల నుంచి రాళ్లను అరగదీసి, పొడి చేసి, ఇక్కడిదాకా మోసుకొచ్చి సముద్రానికి అప్పజెప్పిన సరుకు అది.

అదే దారి పట్టుకుని వెనక్కి, అంటే సముద్రం నుంచి కొండల వైపు వెళితే ఏముంటుంది? అభ్రకం సంగతి నెల్లూరు జిల్లా వాళ్లందరికీ తెలుసు. గూడూరు, సైదాపురం, కలిచేడు పేర్లు చెబితే చాలు. తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కావలికి వాయవ్యంగా, కొండాపురం వైపున గరిమెనపెంట అనే ఊరుంది. అక్కడి రాళ్లలో రాగి ఉందని దొరలు కాగితం మీద పెట్టి రెండు వందల ఏళ్లు దాటింది. అంతకుముందే మనవాళ్లు ఆ రాగిని తవ్వి, కరిగించి, వాడుకుని, గోతులు మాత్రం మిగిల్చి వెళ్లారు. ఇప్పటిదాకా అక్కడ చెప్పుకోదగ్గ గని మాత్రం నిలబడలేదు. ఎందుకని?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు లెండి. దాని వెనక మా పెద్దమ్మ మూడెకరాల మెట్ట ఉంది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు రాగి కథ.

దొరలొచ్చారు, దొరలు పోయారు

నెల్లూరు జిల్లా పడమటి కొండల్లో రాగి ఉన్నట్టు 1801లో బయటపడిందని పాత గెజిటీర్లు చెబుతాయి. సరిగ్గా అదే ఏడాది మన జిల్లా ఈస్టిండియా కంపెనీ పాలన కిందికి వచ్చింది. కొత్తగా చేతికొచ్చిన ఇంట్లో ముందు ఏం చేస్తాం? అటకలూ మూలలూ వెతుకుతాం కదా! కంపెనీ వాళ్లు చేసిందీ అదే.

అలా వెతికినవాళ్లలో బెంజమిన్ హెయిన్ అనే జర్మన్ వైద్యుడొకడు. మొక్కలంటే ప్రాణం. సామర్లకోట తోటలో రాక్స్‌బర్గ్ తర్వాత పని చేశాడు. మొక్కల కోసం తిరిగిన మనిషి రాళ్లను కూడా వదల్లేదు. 1814లో లండన్‌లో అచ్చయిన తన పుస్తకంలో గుంటూరు సీమలోని అగ్నిగుండాల రాగి గురించి, మన నెల్లూరు వైపు దొరికే రాగి రాళ్ల గురించి రాశాడు. అగ్నిగుండాల! ఆ పేరు వినగానే మీకేం తోస్తోంది? నాకు మాత్రం రాత్రంతా మండే కొలుములు కనిపించాయి. పేరు అలా వచ్చిందని ఎవరూ రుజువు చేయలేదు, నా ఊహ మాత్రమే.

ఆ తర్వాత యూరోపియన్ వ్యాపారులు ఒకరి వెంట ఒకరు వచ్చి నెల్లూరు రాగి మీద డబ్బు పెట్టారు. ఒక్కరికీ కలిసి రాలేదు. 1840 నాటికి ఆ ప్రయత్నాలన్నీ ఆగిపోయాయి. 1843లో కెప్టెన్ న్యూబోల్డ్ అనే ఆయన దత్తమండలం, దక్షిణ మహారాష్ట్ర సీమ, నెల్లూరు... ఈ మూడు చోట్ల రాగి గురించి ఒక వ్యాసం రాసి లండన్ పత్రికలో వేయించాడు. 1851లో జీఎస్‌ఐ, అంటే భారత భూగర్భ సర్వే సంస్థ పుట్టింది. ఆ సంస్థ తరఫున విలియం కింగ్ మన జిల్లా రాళ్లన్నీ తిరిగి చూసి 1880లో పెద్ద నివేదిక అచ్చు వేయించాడు. స్వాతంత్య్రం వచ్చాక జీఎస్‌ఐ వాళ్లు మళ్లీ వచ్చారు.

లెక్క వేసుకోండి. కంపెనీ దొర పోయాడు, రాణిగారి పాలన పోయింది, మన ప్రభుత్వాలు ఎన్నో మారాయి. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు సంచీ తగిలించుకుని, సుత్తి పట్టుకుని ఆ చిల్లచెట్ల మధ్యకి రావడం, పచ్చటి రాయి ఒకటి పగలగొట్టి చూసి "అవును, రాగి ఉంది" అనడం, వెళ్లిపోవడం!

రాతికి పట్టిన చిలుము

పచ్చటి రాయి అన్నాను కదా, అదేమిటో ఆడవాళ్లకి ఒక్క మాటలో చెప్పొచ్చు. పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి పూజగదిలో రాగి చెంబు అంచుకి పచ్చగా పడుతుందే, చిలుము... అదే. గాలీ తేమా కలిసి రాగిని అలా మారుస్తాయి. మనం చింతపండు పెట్టి తోమేస్తాం. భూమికి తోమేవాళ్లెవరు? లక్షల ఏళ్లు వాన నీళ్లు ఇంకి ఇంకి, రాతిలోని రాగికి కూడా చిలుము పడుతుంది. దాన్ని శాస్త్రజ్ఞులు మాలకైట్ అంటారు. చిలకపచ్చ రంగులో ఉంటుంది. మా పెద్దమ్మ చిన్నప్పుడు మేకల వెంట తిరిగేటప్పుడు అలాంటి పచ్చరాళ్లు ఏరుకొచ్చి అచ్చనగాయలాడేవాళ్లంట.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఈ చిలుము రాయి ఉండేది పైపైనే. దాన్ని కరిగించడం తేలిక. కొలిమిలో బొగ్గులతో కలిపి, తిత్తులతో గాలి ఊదితే రాగి దిగుతుంది. మన పాత కమ్మర్లకు ఈ విద్య తెలుసు. గోతుల పక్కన కనిపించే నల్లటి చిట్టెం, అంటే లోహం తీసేశాక మిగిలిన గాజులాంటి మడ్డి, వాళ్లు వదిలి వెళ్లిన సంతకం. చుట్టూ అడవి ఉంది, బొగ్గుకి కొదవ లేదు. ఇంటిల్లిపాదీ పని చేస్తారు. పంట లేని నెలల్లో తవ్వుతారు, వానలు పడితే చేలోకి పోతారు. మణుగో రెండు మణుగులో రాగి వచ్చినా వాళ్లకి లాభమే.

ఇంకాస్త లోతుకు వెళ్లేసరికి రాయి స్వభావం మారిపోతుంది. అక్కడ రాగి గంధకంతోనూ ఇనుముతోనూ కలిసి, పసుపుపచ్చగా ఇత్తడిలా మెరిసే రాయిగా ఉంటుంది. చాల్కోపైరైట్ అంటారు. చూపుకి ఇదే బంగారంలా ఉంటుంది కానీ, కరిగించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ముందు కాల్చి గంధకాన్ని పొగ రూపంలో వెళ్లగొట్టాలి, ఆ తర్వాత ఇనుమును విడదీయాలి. పైగా లోతుకు పోయేకొద్దీ గోతిలో నీళ్లు ఊరతాయి, తోడాలి. రాగి ఉన్న పొర కూడా కొబ్బరి పీచులా ఒకచోట లావు, ఒకచోట సన్నం, ఒకచోట తెగిపోయి ఉంటుంది. జీతాలిచ్చి, ఇంజన్లు పెట్టి, సరుకును ఓడకెత్తి లాభం చూసుకోవాలనుకున్న దొరకి ఇది ఎలా గిట్టుబాటవుతుంది? గోచీ కట్టుకున్న కమ్మరికి కుదిరింది కంపెనీకి ఎందుకు కుదరలేదని ఆలోచిస్తే నాకు తోచిన సమాధానం ఇదే. మీదున్న మీగడ మనవాళ్లు ఎప్పుడో తీసేశారు. దొరలకి దక్కింది పాలు, అదీ నీళ్ల పాలు!

పడమటి కొండల కింద సముద్రం

అసలు అంత రాగి మన మెట్టల్లోకి ఎలా వచ్చింది? ఇది మాత్రం నేను చదువుతూ చదువుతూ ఆశ్చర్యంతో పుస్తకం మూసేసిన ఘట్టం.

గూడూరు నుంచి ఉదయగిరి, కనిగిరి మీదుగా ఖమ్మం దాకా సన్నటి పట్టీలా ఒకే రకం రాళ్లున్నాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని నెల్లూరు షిస్టు బెల్టు అంటారు. షిస్టు అంటే ఒత్తిడికి, వేడికి పొరలు పొరలుగా మారిన రాయి. చేత్తో పట్టుకుంటే కాజాలా పొరలు ఊడొస్తాయి. ఆ పట్టీలో పడమటి వైపు రాళ్లను ఉదయగిరి గ్రూపు అని, తూర్పు వైపు రాళ్లను వింజమూరు గ్రూపు అని పేర్లు పెట్టారు. మన ఊళ్ల పేర్లు ప్రపంచమంతా చదివే పుస్తకాల్లో అలా ఉన్నాయి, మనకే తెలియదు.

ఉదయగిరి గ్రూపు రాళ్లు ఒకప్పటి బురద, ఇసుక. వింజమూరు గ్రూపులో ఎక్కువ భాగం ఒకప్పటి లావా. ఇంకా విచిత్రం ఏమిటంటే, దక్షిణాన కండ్ర దగ్గర, ఉత్తరాన కనిగిరి దగ్గర దొరికే కొన్ని రాళ్లు ఏకంగా పాత సముద్రం అడుగుభాగమట! కండ్ర రాళ్ల వయసు 185 కోట్ల ఏళ్లు, కనిగిరి రాళ్ల వయసు 133 కోట్ల ఏళ్లు అని 2010 నుంచి వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. ఇప్పుడున్న బంగాళాఖాతం వాటి ముందు నిన్న మొన్న పుట్టిన పసిబిడ్డ. ఆ పాత సముద్రం మూసుకుపోయేటప్పుడు తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి నెల్లూరు రాళ్లు పడమర జరిగి కడప రాళ్ల మీదకు ఎక్కి కూర్చున్నాయి. వెలికొండల అంచున ఆ గాటు ఇప్పటికీ ఉంది.

లోహాలు చేరడానికి అలాంటి చోట్లు అనువుగా ఉంటాయి. లోతుల్లో సలసల కాగే నీళ్లు రాతి సందుల్లోంచి పాకుతూ, దారిలో ఉన్న రాగినీ బంగారాన్నీ కరిగించుకుని, చల్లబడిన చోట వదిలేస్తాయి. పులుసు కాగి కాగి గిన్నె అంచున ఉప్పు గీత కట్టినట్టు అనుకోండి. మామూలు రాయి టన్నుకి అరవై గ్రాముల దాకా రాగి ఎక్కడైనా ఉంటుంది. మన పెరట్లో రాయికి కూడా ఆ భాగ్యం ఉంది! గని తెరవాలంటే టన్నుకి కొన్ని కిలోలైనా ఉండాలి. మన దేశంలో పెద్ద రాగి గనులు నడుస్తున్నది దాదాపు నూటికి ఒక పాలు లెక్క మీద. మూడు కిలోల రాగి బిందె కావాలంటే మూడు క్వింటాళ్ల రాయి పగలగొట్టాలన్నమాట.

బంగారం సంగతి ఇంకా ఘోరం. టన్ను రాయిలో రెండు మూడు గ్రాములుంటే గని పెట్టే ఆలోచన చేస్తారు. పది క్వింటాళ్ల బియ్యంలో చిటికెడు! మన మెళ్లో కాసు బరువు, ఎనిమిది గ్రాముల సూత్రాల కోసం నాలుగు టన్నుల రాయి పొడి కావాలి. నెల్లూరు ఆచారి వీధిలో తరుగు దగ్గర బేరమాడేటప్పుడు ఈ లెక్క నాకు గుర్తొస్తుంది... అయినా బేరం మాననులెండి.

రాగికీ బంగారానికీ స్నేహం ఎక్కువ. ఇండోనేషియాలో గ్రాస్‌బర్గ్ గని ఉంది, అక్కడ ఒకే రాయి నుంచి రాగీ బంగారమూ రెండూ తీస్తారు. రాగిని కరెంటుతో శుద్ధి చేసేటప్పుడు తొట్టి అడుగున మడ్డి చేరుతుంది. వెన్న కాచినప్పుడు గోకుడు మిగిలినట్టు. ఆ మడ్డిలో బంగారం, వెండి ఉంటాయి. అందుకే ఎక్కడ రాగి ఆనవాలు కనిపించినా వెంటనే "బంగారం కూడానా?" అనే గుసగుస మొదలవుతుంది. బంగారం అని తెలిశాక మనుషుల కళ్లు మారిపోతాయి!

పుట్ట చెప్పే రహస్యం

ఇప్పటివాళ్లు ఎలా వెతుకుతారో తెలుసుకుంటుంటే ఒకచోట నాకు భలే సరదా వేసింది. పెద్ద పెద్ద యంత్రాలు, విమానాల నుంచి సర్వేలు అన్నీ ఉన్నాయి. కానీ మొట్టమొదట చూసేది పాతవాళ్ల గోతులనే. ఎక్కడ పాత గొయ్యి, చిట్టెం కుప్ప ఉంటే అక్కడ మనకంటే ముందు ఎవరో తెలివైనవాడు వచ్చి వెళ్లాడని అర్థం. అగ్నిగుండాలను అలాగే మళ్లీ పట్టుకున్నారు. అక్కడి బండలమోటులో హిందుస్థాన్ జింక్ సంస్థ చాలా ఏళ్లు సీసం గని నడిపింది, ఆ తర్వాత అదీ మూతబడింది.

రెండోది వాగుల్లో మట్టి. మనం చాట పెట్టి బియ్యం చెరిగినట్టు, నీళ్లలో రాళ్లు గాలించినట్టు, వాళ్లు కూడా పళ్లెంలో వాగు ఇసుక వేసి నీళ్లలో తిప్పుతారు. తేలికవి కొట్టుకుపోతాయి, బరువైనవి అడుగున మిగులుతాయి. ఇంజనీరింగ్ చదివిన కుర్రవాడు నెలల తరబడి నేర్చుకునే ఈ పని మన ఇళ్లలో పదేళ్ల పిల్లకి వచ్చు.

మూడోది పుట్ట! నాగులచవితికి మనం పాలు పోసే పుట్ట. చెదపురుగులు తడి కోసం లోతుగా తవ్వుకుంటూ వెళ్లి, అక్కడి మట్టిని నోట కరుచుకుని పైకి తెస్తాయి. అందుకని పుట్టమన్నును పరీక్ష చేయిస్తే కింద రాయిలో ఏముందో జాడ దొరుకుతుంది. తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఇ.ఎ.వి. ప్రసాద్ ఇలాంటి వాటి మీద చాలా కృషి చేశారు. వరాహమిహిరుడు బృహత్సంహితలో పుట్టలనీ చెట్లనీ బట్టి నీటి జాడ ఎలా చెప్పాడో పరిశీలించి 1980లో పుస్తకం తెచ్చారు. 1987లో మరో ఇద్దరితో కలిసి, బంగారం అన్వేషణలో చెదపుట్టలు ఎలా పనికొస్తాయో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది సరే, బంగారం కూడా చెబుతుందన్నమాట.

ఇవన్నీ అయ్యాక నేల మీద గళ్లు గీసుకుని మట్టి నమూనాలు తీస్తారు, నేలలోకి కరెంటు పంపి చూస్తారు, కాలువల్లా కందకాలు తవ్వుతారు. చివరికి డ్రిల్లు బండి వస్తుంది. అది బోరు బండి లాంటిదే, కాకపోతే రాయిని పొడి చేయకుండా గుండ్రటి కడ్డీలా కోసి బయటికి తెస్తుంది. ఆ కడ్డీలను పెట్టెల్లో వరసగా పేర్చి, ఎన్నో మీటరులో ఏముందో రాసుకుంటారు. ఇంత చేసినా నూటికి తొంభై చోట్ల చివరికి వచ్చే జవాబు "వద్దులే" అనే.

పెద్దమ్మ మూడెకరాలు

ఇప్పుడు మా పెద్దమ్మ దగ్గరికి వస్తాను. వింజమూరు అవతల ఆవిడకి మూడెకరాల మెట్ట ఉంది. పుట్టింటివాళ్లు పసుపుకుంకాల కింద ఇచ్చింది. కంది, మినుము పండుతుంది, వాన పడితే. పెదనాన్న పోయాక అదే ఆధారం. ఆమధ్య ఒకాయన వచ్చి, "ఈ భూముల కింద రాగి, బంగారం పడిందంట. సర్కారు తీసుకోకముందే నాకు రాసిచ్చెయ్యండి, ఎకరానికి ఇంతిస్తా" అన్నాడట. మార్కెట్ కంటే కాస్త ఎక్కువే చెప్పాడు. ఆవిడ నాకు ఫోన్ చేసి, "ఏందిమే, పేపర్లకి రాస్తావు గదా... మన చేలో బంగారం ఉండాదంట. అమ్మేసేదా, ఉంచేదా? నువ్వు చెప్పు" అంది.

నేను చెప్పలేకపోయాను. అప్పుడు మొదలుపెట్టాను ఈ చదువు.

తెలుసుకున్న మొదటి సంగతి... పేపర్లో "బంగారం పడింది" అని వస్తే దానికి నాలుగు రకాల అర్థాలున్నాయి. ఖనిజాన్వేషణలో జీ-4, జీ-3, జీ-2, జీ-1 అని మెట్లుంటాయి. జీ-4 అంటే, ఫలానా వూళ్లో ఒక పిల్లాడున్నాడట అని ఎవరో అనడం. జీ-3 అంటే మధ్యవర్తి వెళ్లి చూసి రావడం. జీ-2 అంటే పెళ్లిచూపులు. జీ-1కి వచ్చాక గానీ జాతకాలు, కట్నాలు, లాంఛనాలు అన్నీ తేలవు. మెళ్లో తాళి పడటం, అంటే గని తెరవడం, ఆ తర్వాతి మాట. మన పత్రికలు... ఏమనుకోకండి, నేనూ వీటిలోనే రాస్తాను... జీ-4కే శుభలేఖ అచ్చేస్తాయి!

రెండో సంగతి ఇంకా ముఖ్యం. చేను కొన్నంత మాత్రాన ఎవరికీ దాని కింద రాగి తవ్వే హక్కు రాదు. 2015లో గనుల చట్టం మార్చినప్పటి నుంచి ఇలాంటి ఖనిజాల లీజులు ప్రభుత్వం వేలం పాటలోనే ఇస్తోంది. 2023లో మళ్లీ సవరించి రాగి, బంగారం లాంటి లోతు ఖనిజాలను వెతకడానికి కంపెనీలకు వేరే లైసెన్సు పెట్టారు, అదీ వేలంలోనే. మరి ఆ వచ్చినాయన ఎందుకు కొంటానంటున్నట్టు? రేపు నిజంగా గని వస్తే భూమి యజమానికి వచ్చే పరిహారం తన జేబులో పడాలని. రాకపోతే మెట్ట ఎటూ చేతిలో ఉంటుంది. మోసం అనను, అది వ్యాపారం. కానీ ఆ పరిహారం హక్కు పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లది. ఆడవాళ్ల పేరున ఉన్న పట్టాలు మన ఊళ్లలో ఎన్ని? ఉన్నవాటి మీద వేలిముద్రలు ఎవరెవరు వేయించుకున్నారో ఒకసారి అడిగి చూడండి.

సర్వేకి వచ్చినవాళ్లు డ్రిల్లు వేసినంత మాత్రాన చేను పోదు. పంట దెబ్బ తింటే నష్టం అడగొచ్చు, గొయ్యి పూడ్చమనొచ్చు. ఇదీ ఆవిడకి చెప్పాను.

వెళ్లిపోయాక మిగిలేది

గని వస్తే బాగుపడతామా అని పెద్దమ్మ అడిగిన రెండో ప్రశ్న. దీనికి మన పక్కనే జవాబులున్నాయి. చిత్తూరు సరిహద్దు దాటితే కోలార్. పొట్ట చేతపట్టుకుని వెళ్లిన తెలుగు, తమిళ కుటుంబాలు తరతరాలుగా మూడు కిలోమీటర్లు దాటిన లోతుకు దిగి బంగారం తెచ్చిన చోటు. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. సయనైడ్ మట్టి గుట్టలు మిగిలాయి. మన అనంతపురం రామగిరిలోనూ, కుప్పం దగ్గర చిగురుగుంటలోనూ అదే సంస్థ గనులు ఆ రోజుల్లోనే ఆగిపోయాయి. కర్నూలు సీమలో జొన్నగిరి దగ్గర మాత్రం ప్రైవేటు రంగంలో బంగారు గని వచ్చింది. అదే జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో తొలకరి పడగానే ఆడా మగా వజ్రాల కోసం నేల చూపులు చూస్తూ తిరగడం ఏటా మనం టీవీలో చూసేదే.

మన జిల్లాలో నిజంగా కూడు పెట్టిన ఖనిజం కాకిబంగారమే. గూడూరు వైపు అభ్రకం షెడ్లలో రేకులు చీల్చింది, గ్రేడు వారీ ఏరింది ఎక్కువగా ఆడవాళ్లే. రెండు ప్రపంచ యుద్ధాల్లో రేడియోలకి, విమానాలకి కావలసిన అభ్రకం వాళ్ల వేళ్ల మీదుగా వెళ్లింది. వెంట్రుకవాసి మందాన రేకు విడదీయడం యంత్రానికి చేతకాని పని. వాళ్లలో ఒక్కరి పేరూ ఏ గెజిటీర్‌లోనూ నాకు కనిపించలేదు. హెయిన్ పేరుంది, న్యూబోల్డ్ పేరుంది! గనిలోకి ఆడవాళ్లు దిగకూడదని 1952 చట్టం. 2019లో దాన్ని సడలించి, చదువుకున్న ఆడపిల్లలు సాంకేతిక ఉద్యోగాల్లో భూగర్భ గనుల్లోకి దిగొచ్చన్నారు. ఆ పేజీ చదువుతున్నప్పుడు బాగా అనిపించింది.

ఇంకొకటి. ఉదయగిరిలో ఆడవాళ్లు నర్ది చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు, చూశారా? కొండ మీది చెట్టు కొమ్మ, ఇంటి వసారా, చిన్న ఆకురాయి... అంతే పెట్టుబడి. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రాగి కొండ పక్కన రెండు వందల ఏళ్లుగా రాగి గురించి కాగితాలు రాస్తుంటే, చెక్క మాత్రం ఇంటింటికీ పని ఇచ్చింది. నాకు గనులంటే పగ లేదు. రాగి లేకపోతే కరెంటు తీగ లేదు, ఇప్పుడొస్తున్న బ్యాటరీ బళ్లకి ఇంకా ఎక్కువ కావాలి, మన దేశం బయటి నుంచి కొనుక్కుంటోంది. తవ్వకూడదని నేనెలా అంటాను? తవ్వేటప్పుడు ఊరికి ఏమిస్తారని అడగడం మాత్రం మనం నేర్చుకోవాలి. 2015 చట్టంతోనే జిల్లా ఖనిజ ఫౌండేషన్ అని పెట్టారు. వేలంలో లీజు పొందిన వాళ్లు కట్టే రాయల్టీ మీద పదోవంతు అదనంగా ఆ నిధికి జమ చేయాలి. తాగునీరు, వైద్యం, చదువు, ఆడవాళ్లు-పిల్లల సంక్షేమం... వీటికి ముందు ఖర్చు పెట్టాలని నిబంధన. పెద్ద గని తెరిచేముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరగాలి. ముప్పై రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. అక్కడ లేచి మాట్లాడిన ప్రతి మాటా రాసుకుని తీరాలి. ఆ సభలకి మన ఇళ్లలో ఎవరు వెళుతున్నారు?

ఒక భయం మాత్రం పెద్దమ్మకి నేను దాచకుండా చెప్పాను. గంధకం ఉన్న రాయిని తవ్వి బయట గుట్ట పోస్తే, గాలీ వానా తగిలి పులిసిపోతుంది. రాగి చెంబులో చారు పెడితే ఏమవుతుందో ఆవిడకి నేను చెప్పక్కర్లేదు. అలాంటి పులుపు నీళ్లే గుట్ట కిందినుంచి బావుల్లోకి దిగితే, రాయిలోని లోహాలను కూడా వెంట తీసుకుపోతాయి. జాగ్రత్తగా చేసేవాళ్లు అడుగున మట్టి గట్టి పరుస్తారు, నీళ్లను సున్నంతో కడుగుతారు. చేస్తున్నారో లేదో తెలియాలంటే గని రాకముందు నీళ్లు ఎలా ఉండేవో రుజువు ఉండాలి కదా!

పెద్దమ్మకి పట్టిన మాట ఇదొక్కటే. బంగారం, రాగి, జీ-4... అన్నీ "ఊఁ" కొడుతూ విని పక్కన పెట్టేసింది. మర్నాడు చేలో బావి నీళ్లు రెండు సీసాల్లో పట్టించి, మనవడితో నెల్లూరుకి పరీక్షకి పంపింది. రిపోర్టు చీటీ వచ్చింది. కొంచెం ఫ్లోరైడు తప్ప వేరే లోహాలేమీ ఎక్కువ లేవని ఉంది. దాన్ని పాసుపుస్తకంలో మడిచి పెట్టి, ఆ కొంటానన్నాయనకి కబురు పంపింది... మినుము కోత అయ్యేదాకా రావద్దని.